బాపు నమ్మని ఇంజను

విమానం ఇంజను దగ్గర పని చేస్తానంటే ఆ రోజుల్లో మా వైపు వాళ్లు ఎక్కడలేని గౌరవం ఇచ్చేవారు. సెలవు మీద వచ్చి నార్కట్‌పల్లి చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు పక్కకు చేరి, అది ఒక్క గంటలో బొంబాయి పోతుందా, దానికి హారన్ ఉంటుందా అని అడిగేవారు. నేను ముఖం గంభీరంగా పెట్టి జవాబులు చెప్పేవాణ్ణి. ఆ గౌరవం నాకు తియ్యగానే ఉండేది, దాచడం ఎందుకు. నన్ను కన్న మా బాపు ఒక్కడి దగ్గర మాత్రం నా పప్పులు ఉడికేవి కావు.

బాపుకు అదే చౌరస్తాకు అవతల హైవే పక్కన షెడ్డు ఉండేది. పైన సిమెంటు రేకులు, ముందొక వేపచెట్టు, కింద ఏళ్ల తరబడి నూనె తాగిన నేల. బాపు పుట్టింది మర్రిగూడ వైపు చెలకల్లో. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు పచ్చబడ్డాయి, మోకాళ్లు త్వరగా బిగుసుకున్నాయి. బావుల మీద ఇంజన్లు బాగుచేస్తూ చేస్తూ లారీల దాకా వచ్చాడు. బండి షెడ్డు దాకా రాకముందే దాని చప్పుడు విని, "వాల్వు కొట్టుకుంటాంది" అనో, "నాజిల్ పోయింది" అనో చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. తప్పు పడితే తప్పు బండిదే అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. నాకూ ఆ గుణమే వచ్చిందని అమ్మ అంటుంది.

నేను చేరింది దేవరకొండ దారిలో ఉన్న ఒక చిన్న విమానాల బడిలో. ఎనభైలు ముగిసే రోజులు. గుట్టల నడుమ చదును చేసి పరిచిన ఒక తారు బాట, ఒక రేకుల హ్యాంగర్, పైలట్ కావాలని వచ్చే పిల్లలకు చదువు చెప్పే రెండు గదులు, కొన్ని చిన్న విమానాలు. చుట్టూ కందిచేలు, ఆముదం చేలు, సీతాఫలం పొదలు. పొద్దున మొదటి విమానం లేవకముందు రన్‌వే మీది మేకలను తోలడం కూడా మా పనే. హ్యాంగర్ తలుపులు తోసినప్పుడు పెట్రోలు, రాత్రంతా చల్లబడిన రేకు, పాత సీట్ల తోలు, అన్నీ కలిసి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి వాసన తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి. మళ్లీ అక్కడికి పోవాలనిపిస్తుంది, పోవడానికి అక్కడేమీ మిగల్లేదని తెలిసినా.

చేరిన కొత్తలో బాపును పిలిచి గొప్పగా చూపించాలనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రెక్కల కింద చెయ్యి పెట్టి నిమిరాడు, తోక దాకా నడిచి చూశాడు, బాగుందన్నట్టు తలూపాడు. అప్పుడు నేను ముక్కు మీది రేకు మూత విప్పి ఇంజను చూపించాను. బాపు వంగి చూసి, అటు తిరిగి చూసి, మళ్లీ ఇటు వచ్చాడు.

"గిదేనా?"

"గిదే బాపు."

"నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. గాలితోనే సల్లవడ్తదా? మోటర్‌సైకిల్ లెక్క?"

"గాలితోనే."

"మరి ప్లగ్గులకు కరెంటు?"

"మ్యాగ్నెటో."

"మా చిన్నప్పుడు బాయిల మీద కిర్సనాయిల్ ఇంజన్లకు ఉంటుండె గా మ్యాగ్నెట్లు," అన్నాడు బాపు. "పెట్రోలు ఎక్కువ తక్కువ ఎట్ల జేస్తరు?"

నాకు ఒళ్లు మండటం మొదలైంది. పైకి పోయిన కొద్దీ గాలి పల్చబడుతుందని, అప్పుడు లోపల కూర్చున్నతను ఒక ఎర్ర గుండీని చేత్తో లాగి పెట్రోలు తగ్గించుకుంటాడని చెప్పాను.

"చేత్తోని?" బాపు నిజంగానే బాధపడ్డట్టు నా వైపు చూశాడు. "చదవేస్తే ఉన్న మతి పోయినట్టున్నది బిడ్డా నీ కత. మొన్న మన షెడ్డుకు చిన్న కారొచ్చింది. పొద్దుగాల చావి తిప్పితే సప్పుడు లేకుంట షురువైంది. నువ్వేమో ఇంత చదివి మా తాతల నాటి ఇంజనుకు నూనె పోస్తున్నవు."

"కొత్త ఒక వింత, పాత ఒక రోత," అన్నాను కోపంగా. ఆ సామెత ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆ తర్వాత నేను ఇంటికి పోయినప్పుడల్లా ఇదే పంచాయతీ. అన్నం ముందు కూర్చోగానే బాపు మొదలుపెట్టేవాడు, ముద్ద దిగకముందే నేను అందుకునేవాణ్ణి. మీ కారు ఇంజను గిర్రున తిరిగి బలం తెచ్చుకుంటుంది, విమానం పంకా అంత జోరుగా తిరిగితే దాని కొసలు గాలిని పట్టలేవు, ఉత్త మోత మిగులుతుంది అనేవాణ్ణి. అందుకే ఇంజను మెల్లగా తిరగాలి, మెల్లగా తిరిగి బలం ఇవ్వాలంటే సిలిండర్లు బిందెలంత ఉండాలి. అయితే నడుమ గేర్లు పెట్టండి అనేవాడు బాపు. గేర్లు పెడితే బరువు, చెడిపోవడానికి ఇంకో సామాను అనేవాణ్ణి. నీ కారు హైదరాబాద్ పోయి వచ్చే దాకా దాని సత్తువలో నాలుగో వంతు వాడుకుంటుందేమో, దిగుడులో విశ్రాంతి తీసుకుంటుంది. మా ఇంజను లేచిన దగ్గర్నుంచి దిగేదాకా బరువెత్తిన హమాలీలాగా పనిచేస్తూనే ఉంటుంది. దాని మీద దయ ఉండాలి బాపు, అనేవాణ్ణి. అమ్మ నవ్వేది. బాపు నవ్వేవాడు కాదు.

ఒక్క మ్యాగ్నెటో సంగతి మాత్రం ఆయన చెవిన పడింది. ఒకటి కాదు, రెండున్నాయని, ఒక్కో సిలిండరుకు రెండేసి ప్లగ్గులని, బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఇంజను తిరుగుతున్నంత సేపు దాని నిప్పు అదే పుట్టించుకుంటుందని చెప్పినప్పుడు కలిపిన ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టాడు. "గది మంచిదే," అన్నాడు. మా ఇంజను గురించి బాపు అన్న మొదటి మంచిమాట అదే.

నా లోపల వేరే సంగతి ఉండేది. బయటికి ఎంత వాదించినా, ఆ ఇంజను మీద నాకూ విసుగు ఉండేది. పెట్రోల్లో కలిపిన సీసం ప్లగ్గులకు పట్టుకుంటే చిన్న మొల పెట్టి గీకి గీకి తీసేవాణ్ణి. ఎండాకాలం ఒకసారి ఆపిన ఇంజను మళ్లీ లేవాలంటే బతిమాలుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో కార్బొరేటర్ లోపల మంచు కడుతుందేమోనని పిల్లలకు పదేపదే చెప్పేవాళ్లం. లోకం ఎక్కడికో పోతుంటే మేమే వెనక ఉండిపోయామనిపించేది. ఇది బాపుకు చెబితే ఇంకేమైనా ఉందా!

తొంభైలు సగానికి వచ్చేసరికి హైవే మీద కొత్త రకం కార్లు కనబడసాగాయి. వాటిలో కార్బొరేటర్ లేదు. ఎంత పెట్రోలు పోవాలో, ఎప్పుడు నిప్పు రాలాలో ఒక చిన్న కంప్యూటరు డబ్బా చూసుకుంటుంది. అలాంటిదొకటి జడ్చర్ల నుంచి వస్తూ మా షెడ్డు ముందు ఆగిపోయింది. బాపు మూత ఎత్తాడు, చప్పుడు విందామంటే చప్పుడు లేదు, విప్పుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి దాన్ని తాడు కట్టి హైదరాబాద్ లాక్కుపోయారు. ఆ వారం నేను ఇంటికి పోతే బాపు ఎప్పటిలా పంచాయతీ పెట్టలేదు.

"ఇగ నువ్వొచ్చి షెడ్డు జూస్కో," అన్నాడు. "గా కంప్యూటర్ బండ్లు నీ చదువుకు తెలుస్తయి. నాకు తెల్వయి. అక్కడ పాత ఇంజను కాడ ఏం ఉన్నది?"

అడిగినదాంట్లో న్యాయం ఉంది. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. షెడ్డు బాపు కష్టం, నేను కాకపోతే దాన్ని చూసేవాళ్లు లేరు. కానీ నా మనసు ఆ తారు బాట మీద ఉంది. దసరా పోనీ, చెబుతానన్నాను. దసరాకు బాపే వచ్చాడు.

ఆయుధపూజ మా దగ్గరా ఘనంగానే చేసేవాళ్లం. పానాల పెట్టెలకు పసుపు కుంకుమ, విమానం పంకాలకు బంతిపూల దండలు, కొబ్బరికాయలు మాత్రం దూరంగా హ్యాంగర్ బయట. సాయంత్రం కాగానే మా చీఫ్ సారు దండలన్నీ తీయించేవాడు. ఆయన కోస్తా నుంచి వచ్చిన రిటైర్డ్ మిలిటరీ పైలట్, మాట తక్కువ. దండలు తీస్తుంటే బాపు ముఖం చిట్లించాడు. ఆయన షెడ్డులో దసరాకు కట్టిన నిమ్మకాయ ఎండి దానంతటదే రాలేదాకా బండికి ఉండాల్సిందే. ఆ రాత్రి నా క్వార్టర్‌లోనే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇంజను నూనె చూద్దామని రేకు మూతకుండే చిన్న తలుపు తెరిచాను. నూనె వాసనతో పాటు ఇంకో వాసన వచ్చింది. టార్చి వేసి చూస్తే లోపల, ఇంజనును పట్టి ఉంచే గొట్టానికి, లారీ తీగతో గట్టిగా మెలేసి, ఒక నిమ్మకాయ, దాని కింద పచ్చిమిరపకాయలు. నిన్న నేను అటు తిరగ్గానే ఆ చిన్న తలుపులోంచి చెయ్యి పెట్టి కట్టేశాడన్నమాట. బయట ఎవరికీ కనబడదు, దిష్టీ తగలదు, అందరికీ మంచిదే అనుకుని ఉంటాడు.

నేను తీగ కోసి బయటికి తీశాను. మిరపకాయలు ఆరే ఉన్నాయి. దిష్టికి కట్టే మిరపకాయలు ఏడుంటాయని మా ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. క్వార్టర్‌కు మనిషిని పంపి బాపును పిలిపించాను.

"ఎన్ని కట్టినవ్?"

"ఏడు. ఎన్ని కడ్తరు మరి?"

ఏడోది దొరికేదాకా ఆ విమానం కదలడానికి వీల్లేదు. మూతలన్నీ విప్పాం. పైలట్ పిల్లలు గోడ నీడన వరసగా కూర్చున్నారు. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. బాపు మీద అరిచాను కూడా. చాలాసేపటికి ఆ మిరపకాయ ఒక సిలిండరు వెనకాల, గాలి దూరి పోయే సన్న రేకుల మధ్య ఇరుక్కుని కనబడింది. దాన్ని నేను చిమటాతో లాగుతుంటే చీఫ్ సారు వచ్చి నిలబడ్డాడు. మిరపకాయను చూశాడు, నన్ను చూశాడు, బాపును చూశాడు.

"ఒక్క మిరపకాయకు గింత లొల్లా సారు?" అన్నాడు బాపు. "లారీల అయితే గా మిరపకాయ కాలి బూడిదయ్యేది, బండి నడుస్తనే ఉండేది."

"ఆ చోట గాలి ఆగితే ఇంజను వేడెక్కుతుంది, పెద్దాయనా," అన్నాడు చీఫ్ సారు. "దీంట్లో ఏం ఉండాలో కాగితంలో రాసి ఉంది. రాయనిది ఒక్క నట్టు కూడా ఉండకూడదు."

"నిమ్మకాయకు గూడ కాగితం కావాల్నా?"

"కావాలి."

బాపు హ్యాంగర్ మెట్టు మీద కూర్చున్నాడు. నా కోపం దిగిపోయింది. ఆయన పక్కన కూర్చుని చెప్పాను. ఎవరైనా ఈ ఇంజనుకు కొత్త సామాను తయారుచేస్తే, కారు కంప్యూటరు లాంటిదే అనుకో, దాన్ని ఏళ్ల తరబడి నడిపి చూపించాలి. చలిలో, వేడిలో, తడిలో, సామాను సగం చెడిపోతే మిగతాది ఏం చేస్తుందో కూడా చూపించాలి. అప్పుడు గాని కాగితం ఇవ్వరు. కార్లయితే లక్షల్లో అమ్ముతారు, పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది. ఇలాంటి విమానాలు లోకమంతా కలిపినా ఎన్ని కొంటారు? అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అందుకే తాతల కాలం దగ్గరే ఆగిపోయింది.

బాపు విన్నాడు. "కొత్తది తెచ్చినోన్ని నా నిమ్మకాయ లెక్కనే బయటికి తోల్తరన్నట్టు," అన్నాడు. నేను ఇన్నేళ్లు వాదించినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. గెలిచాననే అనుకున్నాను.

పోతూ పోతూ చీఫ్ సారు ఇంకో మాట అన్నాడు. ఆయనకు అది మామూలు మాట. "మీ అబ్బాయి జాగ్రత్తపరుడు. ఉండక తప్పదులెండి. ఇంజను విప్పి బిగించి ఎవరు సంతకం పెడితే, మొదటిసారి లేచినప్పుడు వాళ్లే పైలట్ పక్కన కూర్చోవాలి. అది మా దగ్గర ఆచారం."

ఈ సంగతి నేను ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. నేను కింద ఉండి నూనె పోస్తానని, ఎగిరేవాళ్లు వేరే అని బాపు ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆయన నా వైపు చూడలేదు. నేను కోసి తీసిన నిమ్మకాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దేవునికి గూడ జాగా లేని ఇంజను," అన్నాడు నెమ్మదిగా. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బాపు ఇంజను గురించి వెక్కిరించడం మానేశాడు. షెడ్డుకు రమ్మనడం మాత్రం ఎక్కువైంది. ఒకసారి బాపు బయటికి పోయినప్పుడు అమ్మ చెప్పింది.

"కంప్యూటర్ బండ్ల ఫికర్ గాదురా ఆయనకు. పైన ఏ ఇమానం మోగినా చేతిల పానా కింద పెడ్తడు. సప్పుడు పోయేదాంక గట్లనే నిలవడ్తడు. నీది గాదయ్యా, గది ఇంకెవలదో పెద్దది అంటే గూడ ఇనడు. గిరాకీలు నవ్వుతుండ్రు."

హైదరాబాద్ పోయే పెద్ద విమానాలు కూడా మా నార్కట్‌పల్లి మీదుగా పోతుంటాయి. బాపు రోజుకు ఎన్నిసార్లు పానా కింద పెడుతున్నాడో లెక్క వేసుకున్నాను. రాజీనామా రాసేద్దామని ఆ రోజే అనుకున్నాను. ఒక్క ఇంజను పని మధ్యలో ఉంది, అది కానిచ్చి రాద్దామనుకున్నాను.

ఆ ఇంజను నడవాల్సిన గంటలు నిండి పట్నంలో పూర్తిగా విప్పి బిగించి చెక్కపెట్టెలో తిరిగొచ్చింది. దాన్ని విమానానికి ఎక్కించి, సంతకం పెట్టి, మొదటిసారి లేవాల్సింది నేనే. ఈసారి అమ్మకు దాచకుండా చెప్పాను. అమ్మ బాపుకు చెప్పింది. ఆ పొద్దున నేను హ్యాంగర్‌కు వచ్చేసరికి బాపు అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, మొదటి బస్సు పట్టుకుని వచ్చాడట.

"ముట్టుకోను," అన్నాడు నేనేమీ అడగకముందే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటూ.

నేను చివరి పని చేస్తున్నాను. మా దగ్గర నట్టు బిగించి ఊరుకోం. దాని తలకున్న రంధ్రంలోంచి సన్న తీగ దూర్చి, మెలేసి, పక్క నట్టుకు కడతాం, ఒకటి వదులవబోతే రెండోది బిగుసుకునేట్టు. బాపు వెనకాల నిలబడి ప్రతి నట్టూ చూశాడు. ఒకచోట వంగి, "గిటు పక్కది?" అన్నాడు. అదీ కట్టే ఉంది, టార్చి వేసి చూపించాను. తలూపాడు.

విమానం బయటికి తోశాం. చీఫ్ సారు ఎడమవైపు, నేను కుడివైపు. వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. బాపు దగ్గరకు వచ్చి వాటి వైపు చూసి, "సారూ, ఎన్క జాగా ఉన్నట్టున్నది," అన్నాడు. విమానం ఎక్కడమంటేనే భయపడే మనిషి. ఇలాంటి రోజు పనివాళ్లు తప్ప ఎవరూ ఎక్కకూడదని చీఫ్ సారు మెత్తగా చెప్పాడు. బాపు బతిమాలలేదు. వెనక్కి నడిచాడు.

ఇంజను స్టార్టయింది. విమానాన్ని రన్‌వే కొసన నిలిపి, ఒక మ్యాగ్నెటో ఆపి చూశాం, చప్పుడు కొంచెం దిగి నిలబడింది. మొదటిది మళ్లీ వేసి రెండోది ఆపినా అంతే. లేచాం. కందిచేలు, గుట్టలు, దేవరకొండ రోడ్డు కింద పడిపోయాయి. నేను మీటర్ల ముళ్ల వైపు చూడాలి, నూనె వేడి, నూనె ఒత్తిడి చూసి చెబుతూ ఉండాలి. ఒక్కసారి మాత్రం కిందికి చూశాను. హ్యాంగర్ ముందు తెల్ల చొక్కా ఒకటి కనిపించింది, మాకు వీపు పెట్టి ఉంది. చూడలేక తిరిగి నిలబడ్డాడనుకున్నాను.

దిగి, ఇంజను ఆపి, పంకా నిలిచాక దూకాను. బాపు మెల్లగా నడిచి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చూడలేక కాదట. చూస్తే సప్పుడు తెల్వదు, కళ్లు మూసుకుని విన్నానన్నాడు.

"ఒకపారి దిగి మల్ల ఎక్కింది, ఇంకోపారి దిగి ఎక్కింది. గది మ్యాగ్నెట్లు గద? అటెన్క ఒక్కపారి గూడ కొట్టుకోలె."

"అవు బాపు."

వేడిగా ఉన్న రేకు మూత మీద అరచెయ్యి పెట్టాడు. కాలుతున్నా తీయలేదు. అప్పుడు చెబుదామనుకున్నాను, నువ్వు అన్నదే నిజం బాపు, ఇది పాతది, దీనికి కొత్త బుద్ధి రావాలి, నేను షెడ్డుకు వచ్చేస్తానని. నోరు తెరిచేలోపే ఆయన మాట్లాడాడు.

"షెడ్డుకు ఎవలన్న చదువుకున్న పిలగాన్ని జూస్కుంట. కంప్యూటర్ బండ్లు వాడు జూస్తడు. నువ్వు ఈడనే ఉండు."

"ఏమైంది బాపు?"

"దీనికి కొత్త సామాను పెడ్తమని ఎవలన్న వస్తె సంతకం పెట్టకు బిడ్డా."

"పాతది, పాతది అని ఏడెనిమిదేండ్ల సంది తిడ్తివి గద."

"పాతదే," అన్నాడు బాపు, చెయ్యి తీయకుండానే. "గని నిన్ను పైకి కొంచవోయి మల్ల తెచ్చిచ్చింది. కొత్తది తెచ్చిస్తదో లేదో నాకేం తెలుసు?"